ఎక్కడమే తెలిసిన కాళ్ళు

తిరుపతిలో ఎవరిని అడిగినా కొండకు ఎన్నిసార్లు నడిచి వెళ్ళారో వేళ్ళ మీద లెక్క చెబుతారు. నడిచి ఎన్నిసార్లు దిగారని అడగండి, నవ్వుతారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఈ అంకెలు మా ఊరి పిల్లలకు ఎక్కాల కన్నా ముందే నోటికి వస్తాయి. దర్శనం అయ్యాక మాత్రం లడ్డూ సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి, 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మలుపుల్లో తూగుతూ కిందికి వచ్చేస్తాం. ఎక్కడం మన పని, దింపడం బస్సు పని. నలభై ఎనిమిదేళ్ళ వయసు దాకా నేనూ అలాగే బతికాను.

ఆ వయసులోనే, దసరా వెళ్ళిన పదిహేను రోజులకు, మేము ఐదుగురం నేపాల్లో అన్నపూర్ణ బేస్ క్యాంపుకు, అంటే ఆ మంచుకొండ ఎక్కేవాళ్ళు బస చేసే అడుగు శిబిరానికి, నడిచి వెళ్ళాం. నేను, మా వారు, ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి, తొమ్మిదో తరగతి అబ్బాయి, చిత్తూరులో ఉండే మా తమ్ముడు. ఎక్కిన కథ అందరూ రాస్తారు కాబట్టి నేను దిగిన కథ రాస్తున్నాను. నిజానికి ఎక్కడం గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, దిగడం గురించే చాలా ఉంది.

మూడు నెలలు సాధన చేశాం. ఒక శనివారం అలిపిరి, తరువాతి శనివారం శ్రీవారి మెట్టు. వీపున సంచిలో నీళ్ళ సీసాలు బరువుకు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆగకుండా ఎక్కగలిగితే పరీక్ష పాసైనట్టు. చివరి వారాల్లో మా వారు గాలిగోపురం దాకా ఎక్కడా కూర్చోకుండా వెళ్ళి, అక్కడ టీ తాగుతూ మా కోసం ఎదురుచూసేవారు. పైకి చేరగానే, మీరు ఊహించినట్టే, బస్సు. ఇంకో తప్పు కూడా చేశాం. కొండకు చెప్పులు లేకుండానే వెళతాం కదా, సాధన అంతా వట్టికాళ్ళతోనే జరిగింది. ట్రెక్కింగ్ బూట్లు ప్రయాణానికి పది రోజుల ముందు కొన్నాం. మా వారు సరిగ్గా తన కొలతకే కొన్నారు. ఒక సైజు పెద్దది తీసుకోమని దుకాణం అబ్బాయి చెబితే, వదులుగా ఉంటే కాలు జారుతుందని ఆయన వాదించి గెలిచారు.

చేతికర్రల దగ్గరా అదే వాదన. 2023లో అలిపిరి దారిలో చిరుత చిన్నపాపను చంపిన తరువాత నడకదారి భక్తులకు కర్రలు ఇచ్చారు, గుర్తుందా? అప్పుడు మా వారు కర్ర పట్టుకుని నడిచారు. చిరుత కోసం కర్ర పట్టుకోవడం మగతనం, మోకాళ్ళ కోసం పట్టుకోవడం ముసలితనం. ఆయన లెక్క అది. అమ్మాయి, నేను చెరో జత మడతకర్రలు కొనుక్కున్నాం. మగవాళ్ళు ముగ్గురూ కొనలేదు.

గోరఖ్‌పూర్ దాకా రైలు, సునౌలి దగ్గర సరిహద్దు, అక్కడి నుంచి బస్సులో పోఖరా, అనుమతి పత్రాలు, జీపు. ఇదంతా నాలుగు వాక్యాలకు మించి చెప్పుకోదగింది కాదు, ఒళ్ళు హూనం కావడం తప్ప. జీపు దిగి పొడవాటి వేలాడే వంతెన దాటితే ఝిను అనే ఊరు, దాని పైన ఛోమ్రోంగ్. అక్కడి నుంచి మోదీ ఖోలా నది పక్కన లోయలో పైపైకి దారి. ఛోమ్రోంగ్ దాటాక మాంసం తీసుకువెళ్ళకూడదు. లోయ అంతా దేవతలదని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ మాట వినగానే మా వారి ముఖం వెలిగిపోయింది. "చూశావా, ఇదీ తిరుమలే" అన్నారు. దారి పొడవునా రాతిమెట్లు, వాటి మీద మనుషులు, మధ్యలో టీ కొట్లు. కాస్త పచ్చకర్పూరం వాసన, గోవింద నామాలు ఉంటే తేడా తెలియదు. మేమే ఆ లోటు తీర్చాం. మా తమ్ముడు ప్రతి మలుపులోనూ గోవిందా అని అరిచేవాడు, రెండో రోజుకు మా గైడు కూడా అందుకున్నాడు. ఆయనను మేము దాయి అని పిలిచేవాళ్ళం, నేపాలీలో అన్న అని. ఆయన నన్ను దీదీ అనేవాడు. సామాను మోయడానికి ఒక కుర్రాడు కూడా వచ్చాడు.

అక్కడ వచ్చింది పొగరు. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. మా కాళ్ళకు అలవాటైంది మెట్లు, ఎత్తు కాదు. ఎత్తు జబ్బు రాకుండా ఉండాలంటే, మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఒక రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెరగకూడదని దాయి చెప్పాడు. మూడో రోజు పొద్దున 'హిమాలయ' అనే మజిలీలో ఉన్నాం, 2,920 మీటర్లు. దాని పై మజిలీ దేఉరాలీలో ఒక రాత్రి ఆగుదామన్నాడు. తిరుగు రైలు టికెట్లు, సెలవులు, అబ్బాయి పరీక్షలు... నేనే లెక్క వేసి ఆ రాత్రిని కొట్టేశాను. ఇది మా వారి మీదకు నెట్టడానికి లేదు. ఒక్క రోజులో 1,200 మీటర్లు ఎక్కి, మధ్యాహ్నం మూడు గంటలకు 4,130 మీటర్ల బేస్ క్యాంపుకు చేరాం.

చుట్టూ గోడ కట్టినట్టు మంచు కొండలు. ఎదురుగా 8,091 మీటర్ల అన్నపూర్ణ. వెనక్కి తిరిగితే మచ్ఛపుచ్ఛ్రే, చేపతోక ఆకారం, శివుడి కొండ అని ఎవరినీ ఎక్కనివ్వరు. అమ్మాయి ఏడ్చింది. మా వారు చేతులు జోడించారు. అబ్బాయి లాడ్జి మెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

తలనొప్పి అందరికీ ఉంది, నాకూ ఉంది. వాడికి వెల్లుల్లి సూపు తెస్తే రెండు చెంచాలు తాగి అంతా కక్కాడు. ఇష్టంగా తెచ్చుకున్న వేరుశెనగ ఉండ చేతికిస్తే వద్దన్నాడు. వాడు వేరుశెనగ ఉండ వద్దనడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. దాయి వచ్చి వాడి వేలికి, రక్తంలో ప్రాణవాయువు ఎంత శాతం ఉందో చూపించే చిన్న క్లిప్పు తగిలించాడు. 74 అని చూపించింది. తరువాత వాడిని లేపి, ఒక పాదం మడమకు మరో పాదం వేళ్ళు ఆనించుకుంటూ తిన్నగా గీత మీద నడవమన్నాడు. వాడు విసుక్కుంటూ నడిచాడు, తూలలేదు. దాయి ముఖంలో కొంచెం ప్రాణం వచ్చింది. తూలితే మెదడులో నీరు చేరుతున్నట్టు అనుమానించాలట, అప్పుడు హెలికాప్టరు మాట. "ఇప్పుడైతే నడిచి దిగగలడు. రాత్రికి నడవలేకపోతే కష్టం. ఇప్పుడే దిగాలి, దీదీ" అన్నాడు.

మా మందుల సంచిలో ఎత్తు జబ్బుకు వేసుకునే మాత్రలు ఉన్నాయి. మాత్ర వేసి రాత్రికి ఇక్కడే ఉంచుదామని మా వారు అన్నారు. పొద్దున సూర్యోదయం చూడటానికే కదా ఇంత దూరం వచ్చింది. దాయి మెల్లగానే చెప్పాడు: మాత్ర వేయండి, కానీ దిగడానికి బదులుగా కాదు. ఇంత ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో అరవై శాతమే, ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువూ అంతే. నాలుగు వందల మీటర్లు దిగితే శరీరానికి అందే తేడా ఏ మందూ ఇవ్వలేదు.

మా వారికీ నాకూ అక్కడ, అన్నపూర్ణ సాక్షిగా, పెద్ద గొడవే అయింది. ఆయన కొడుకు మీద ప్రేమ లేక కాదు. చీకటి పడుతుంటే కొండదారిలో ఎలా దించుతావని ఆయన భయం. ఉంటే ఒక ప్రమాదం, దిగితే ఒక ప్రమాదం, ముందు నుయ్యి వెనుక గొయ్యి. చివరకు నేనన్నాను: "మీరు, పాప, తమ్ముడు ఉండండి. మోసే అబ్బాయి మీతో ఉంటాడు. నేను, వీడు, దాయి దిగుతాం. సూర్యోదయం చూసి రండి." తమ్ముడు నా సంచి తీసి నా భుజానికి తగిలించి, "అక్కా, నుదుటి లైటు బ్యాటరీ చూసుకో" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు, అదే మంచిదైంది. ఇంకొక్క మాట అని ఉంటే నేను ఏడ్చేదాన్ని.

నాలుగున్నరకు బయలుదేరాం. బేస్ క్యాంపు నుంచి మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంపుకు దిగుడు మరీ ఏటవాలు కాదు, పక్కన సన్నని వాగు, గడ్డి, రాళ్ళు. పగలైతే గంట నడక. మాకు రెండు గంటలు పట్టింది. దాయి ముందు, మధ్యలో అబ్బాయి, వెనుక నేను. పొగమంచు కమ్మింది. నుదుటికి కట్టుకున్న లైటు వెలుగులో రెండు అడుగుల మేర నేల, ఆ తరువాత తెల్లటి గోడ. వాడు పది అడుగులకు ఒకసారి ఆగేవాడు. ఒకచోట మళ్ళీ వాంతి చేసుకున్నాడు. నేను పైకి ధైర్యంగా మాట్లాడుతూ లోపల, ఏడుకొండలవాడా, నా లెక్క తప్పు, వాడిది కాదు అని మొక్కుకుంటున్నాను. దాయి "బిస్తారై, బిస్తారై" అంటున్నాడు. మెల్లగా, మెల్లగా అని.

దారిలో సగం దాటాక అబ్బాయి ఉన్నట్టుండి అడిగాడు: "అమ్మా, ఆ వేరుశెనగ ఉండ ఉందా?"

ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. 3,700 మీటర్ల దగ్గర లాడ్జికి చేరాక క్లిప్పు 84 చూపించింది. అన్నం, పప్పు తిన్నాడు, మా కరివేపాకు పొడి కలుపుకుని మరీ. నొప్పి తగ్గి నిద్రపోయాడు. నేను నిద్రపోలేదు. గంటకోసారి లేచి వాడి ఊపిరి విన్నాను. దిగడం అనేది ఒక మందు అని, దానికి మరో మందు సాటి రాదని, అంతవరకు పుస్తకాల్లో చదివాను.

పొద్దున తొమ్మిదికి పైవాళ్ళు ముగ్గురూ దిగి వచ్చారు. మా వారు నేరుగా వాడి దగ్గరకు వెళ్ళి నుదురు తడిమి చూశారు. సూర్యోదయం ఎలా ఉందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మధ్యాహ్నం దాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆ తరువాత మోకాళ్ళు మాట్లాడించాయి.

నాలుగో రోజు మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంపు నుంచి బాంబూ అనే మజిలీకి. 3,700 నుంచి 2,310 మీటర్లకు. లెక్కకు 1,400 మీటర్ల దిగుడు, అంటే తిరుమల కన్నా ఎక్కువ ఎత్తు ఒక్క పగటిలో. దేఉరాలీ దాకా ఉన్న భాగంలో పై గోడల నుంచి మంచు జారిపడే చోట్లున్నాయి, ఆగకుండా దాటమన్నాడు దాయి. ఆగాలనిపించినా ఆగలేదు. ప్రతి నూరు మీటర్లకూ గాలి చిక్కబడుతున్నట్టు, ఎవరో ఛాతీ మీద నుంచి రాయి తీస్తున్నట్టు ఉంది. తమ్ముడికి హుషారు వచ్చి గెంతుతూ దిగసాగాడు. ముందు రోజు రాత్రి లాడ్జిలో మా అమ్మాయికి వాడు చెప్పిన కథలన్నీ దిగుడు కథలేనట. 1950 జూన్ 3న ఫ్రెంచివాళ్ళు హెర్జోగ్, లాషెనాల్ అన్నపూర్ణ శిఖరం ఎక్కారు. ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండను మనిషి ఎక్కడం అదే మొదటిసారి.  దిగేటప్పుడు హెర్జోగ్ చేతి తొడుగులు జారిపోయాయి. మంచుకాటుకు చేతి వేళ్ళు, కాలి వేళ్ళు పోయాయి. లాషెనాల్‌కు కాలి వేళ్ళు పోయాయి. 1970లో బ్రిటిష్ జట్టు ఇదే బేస్ క్యాంపు నుంచి దక్షిణం గోడను ఎక్కింది. గెలిచి, సామాను సర్దుకుని దిగుతున్నప్పుడు మంచుగడ్డ విరిగిపడి ఇయాన్ క్లఫ్ చనిపోయాడు. ఇంత తెలిసినవాడు తడి రాయి మీద గెంతాడు. రెండు మెట్లు కూర్చునే దిగాడు. దెబ్బ పెద్దది కాదు కానీ దెబ్బ తగిలిన చోటు ఎలాంటిదంటే, రైలులో ఇంటి దాకా పక్కకు ఒరిగే కూర్చున్నాడు. "దిగితే గానీ లోతు తెలియదక్కా" అన్నాడు లేస్తూ.

'హిమాలయ' మజిలీ దాటాక నా తొడలు వణకడం మొదలైంది. నొప్పి కాదు, వణుకు. మెట్టు మీద పాదం పెడితే మోకాలు పైన కుట్టుమిషను సూదిలా ఆడుతోంది. నాలుగు గంటల్లో తిరుమల ఎక్కే ఈ కాళ్ళకు ఏమైందో అర్థం కాలేదు. ఊరికి వచ్చాక చూపించుకున్న ఫిజియోథెరపిస్టు చెప్పింది. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, పడిపోబోయే ఒంటి బరువును మెట్టు మెట్టుకూ ఆపాలి. సాగుతూ ఆపే పనిలో కండరపు పోగులు సన్నగా చిట్లుతాయి. అందుకే నొప్పి ఆ రోజు కాక, ఒకటి రెండు రోజుల తరువాత పూర్తిగా తెలుస్తుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఆయాసం రాదు, కాబట్టి శ్రమ పడుతున్నామని మనసుకు అందదు. "మీ కాళ్ళకు ఇంజను ఉంది, బ్రేకు లేదు" అందామె. ఘాట్ రోడ్డులో దిగే బస్సు డ్రైవరు చిన్న గేరులో ఎందుకు వస్తాడో ఇన్నేళ్ళు అదే బస్సులో తూగుతూ వచ్చిన నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ రోజు దారిలో ఫిజియోథెరపిస్టు లేదు, దాయి ఉన్నాడు. నా చేతికర్రలు పట్టుకుని, నాలుగు వేళ్ళంత పొడవు పెంచాడు. ఎక్కేటప్పటి పొడవుతో దిగితే నడుము వంగి బరువంతా ముందుకు పోతుందట. ముందు రెండు కర్రలూ కింది మెట్టు మీద ఆనించాలి, బరువు కొంత చేతుల్లోకి పోవాలి, తరువాతే కాలు. మోకాలు బిగబట్టి ధన్‌మని దిగకూడదు, కాస్త వంచి ఉంచాలి. ఎత్తు మెట్లయితే పక్కకు తిరిగి, పీతలా. వెడల్పు మెట్లయితే ఈ కొస నుంచి ఆ కొసకు వాలుగా. చూపు పాదం మీద కాదు, రెండు మూడు మెట్ల అవతల. అలసిపోయాక కాదు, అలసిపోక ముందే ఆగాలి. ఈ చివరి మాట నాకు అన్నిటికన్నా కష్టమైంది. దిగేటప్పుడు ఆగాలని ఎవరికి తోస్తుంది?

మా వారి గోడు వేరు. మడమ వెనుక ఖాళీ లేని బూట్లలో, ప్రతి మెట్టుకూ పాదం ముందుకు జారి బొటనవేళ్ళు బూటు కొసకు కొట్టుకుంటున్నాయి. ఒక మెట్టుకు ఒక దెబ్బ. ఇన్ని వేల మెట్లకు ఎన్నో మీరే లెక్క వేయండి. బయలుదేరే ముందు గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోమని అమ్మాయి చెప్పింది. శనివారం గోళ్ళు తీయకూడదని ఆయన వాయిదా వేశారు, ఆదివారం రైలెక్కాం. బాంబూ చేరి మేజోళ్ళు తీస్తే రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నేరేడు పండ్లలా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మోసే కుర్రాడు సంచి దించబోయి ఆయన పాదం మీద పెట్టాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అబ్బాయికి ఎనిమిదో తరగతిలో ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు అర్థం కాలేదట, ఆ రోజు అర్థమైంది. వాడు పడీ పడీ నవ్వాడు. నిన్న తల పట్టుకున్న పిల్లవాడు నవ్వుతున్నాడని చూసి మా వారు కూడా, కన్నీళ్ళతోనే, నవ్వారు. మా మౌనవ్రతం అక్కడ ముగిసింది.

మరుసటి పొద్దున దాయి ఆయన బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టాడు. పాదం మీద వదులుగా, చీలమండ దగ్గర బిగువుగా, మడమ వెనక్కి హత్తుకునేలా. వేళ్ళకు పత్తి చుట్టించాడు. అడవిలో ఒక వెదురు కర్ర కోసి చేతికిచ్చాడు. మా వారు నా వైపు చూడకుండా తీసుకున్నారు. నేనేమీ అనలేదు. అనవలసినవన్నీ దాచుకుని ఇప్పుడు రాస్తున్నాను.

అయిదో రోజు గురించి చెప్పి తీరాలి. బాంబూ నుంచి సినువాకు ఎక్కి, అక్కడి నుంచి ఛోమ్రోంగ్ వాగు వంతెన దాకా దిగి, వంతెన దాటాక ఛోమ్రోంగ్ ఊరికి నిట్టనిలువుగా మెట్లు ఎక్కాలి. దిగుడు దారిలో ఈ ఎక్కుడు అంటే ట్రెక్కర్లందరికీ గుండె దడ. వంతెన దగ్గర నలుగురు విదేశీయులు సంచులు దించి, ఆ మెట్లను చూసి తలలు అడ్డంగా ఊపుతున్నారు. మేము చూశాం. మెట్లు! పైకి! ఎవరూ ఏమీ అనుకోలేదు, అయిదుగురం ఒకేసారి గోవిందా అన్నాం. వణికే కాళ్ళు వణకడం మానేశాయి. వెదురు కర్ర చంకలో పెట్టుకుని మా వారు ముందు నడిచారు. ఆ విదేశీయులను దాటిపోయాం, ఖాళీ గ్యాసు సిలిండర్లు నుదుటి పట్టీతో మోసుకొస్తున్న కూలీల వెనుకే పోయాం. కూలీలను దాటడం మన వల్ల కాదు, అది వేరే జాతి బలం. సగం దూరంలో దాయి ఆయాసపడుతూ, "మీరు ఏమి మనుషులు దీదీ, దిగమంటే ఏడుస్తారు, ఎక్కమంటే పరుగెత్తుతారు" అన్నాడు. తిరుపతి మనుషులం అని చెప్పాను. ఆయనకు బాలాజీ అంటే తెలుసు. అక్కడికి ఎలా వెళతారని అడిగితే మెట్లు ఎక్కి అని చెప్పాను. దిగేది? బస్సులో. ఆయన చాలాసేపు నవ్వాడు.

ఆ రాత్రి లాడ్జి వంటింట్లో ముదురు రంగు పిండి ఉడుకుతోంది. మెతుకు లేని ముద్ద. వాసన పట్టి మా తమ్ముడు లోపలికి తొంగిచూసి కేక పెట్టాడు: "అక్కా, రాగిసంగటి!" అదే. వాళ్ళు కోదో అనేది మన రాగులే, ముద్దను ఢిండో అంటారు. మధ్యాహ్నం మెట్ల పక్కన మడుల్లో చూసిన కంకులు అవేనన్నమాట, అలసటలో గుర్తుపట్టలేదు. చిత్తూరు మనిషికి రెండు వేల మీటర్ల ఎత్తున సంగటి దొరికితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మన సంగటిలో బియ్యపు నూక కలుస్తుంది, ఇది వట్టి పిండి, కాస్త బంకగా ఉంది. పప్పులో ముంచి మింగాం. నమలకూడదని ఆ ఇంటావిడ మాకు నేర్పబోయింది. తమ్ముడు ఆమెకే నేర్పాడు.

చివరి రోజు ఛోమ్రోంగ్ నుంచి ఝినుకు దిగుడు. గంటన్నర లోపు నడకే, కానీ నాలుగు వందల మీటర్ల మెట్లు ఒకదాని నెత్తిన ఒకటి. ముందు రోజు కాళ్ళ నొప్పి అప్పటికి పండింది. పక్కకు తిరిగి పీతల్లా దిగుతుంటే కింది నుంచి గంటల చప్పుడు, సామానుతో కంచరగాడిదల వరుస. నేను మర్యాదగా లోయ వైపు అంచుకు జరిగి దారి ఇవ్వబోయాను. దాయి నా సంచి పట్టుకుని కొండ వైపు గోడకు ఈడ్చాడు, దాదాపు కొట్టినంత పని. బియ్యం బస్తా తగిలితే జంతువుకు తెలియదు, మనం లోయలో ఉంటామని చెప్పాడు. ఎప్పుడూ కొండకు వీపు ఆనించే దారి ఇవ్వాలి. ఆరు రోజుల్లో ఆయన గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

ఝిను కింద నది ఒడ్డున వేడినీటి బుగ్గలు ఉన్నాయి. అక్కడికి వెళ్ళాలంటే ఇంకో అరగంట దిగాలి, స్నానం అయ్యాక మళ్ళీ అంతా ఎక్కాలి. ఎక్కడం అన్నాక మాకు అభ్యంతరం ఏముంది. మెడదాకా వేడినీళ్ళలో కూర్చున్నాం. పక్కనే మంచు కరిగి వచ్చిన మోదీ ఖోలా హోరు. మా వారు నేరేడు పండు వేళ్ళు నీళ్ళలోంచి పైకెత్తి చూసుకుంటూ, "ఆ రోజు నువ్వు దిగకపోయి ఉంటే..." అని ఆగిపోయారు. ఆ వాక్యం ఆయన ఇప్పటికీ పూర్తి చేయలేదు, నేనూ అడగలేదు.

గోరఖ్‌పూర్ స్టేషనులో వంతెన మెట్లు ఎక్కడం సులువే అయింది. దిగేటప్పుడు ఆయన వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని నిచ్చెన దిగినట్టు దిగారు. వెనుక వచ్చే జనం తిట్టుకున్నారు. ఆయన రెండు గోళ్ళూ నెల తరువాత ఊడిపోయాయి.

ఫిజియోథెరపిస్టు చెప్పిన ఉపాయం ఏమిటంటే, దిగడానికి మందు దిగడమే. కొద్దికొద్దిగా దిగితే చిట్లిన కండరం గట్టిపడి, మరోసారి అంత నొప్పి రాదు. అందుకని కాళ్ళు కుదురుకున్నాక ఒక శనివారం మేము అలిపిరిలో బస్సెక్కి తిరుమల వెళ్ళి, అక్కడి నుంచి నడిచి దిగాం. నాలుగు కర్రలు, ఈసారి మా వారికీ ఒక జత. మోకాళ్ళ పర్వతం మొదట వచ్చింది. ఆ మెట్లు పైనుంచి అంత భయంగా కనిపిస్తాయని ఇన్నేళ్ళలో నాకు తెలియదు. ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర నీళ్ళు తాగాం. గాలిగోపురం నుంచి రెండు వేలకు పైగా మెట్లు వరుసగా దిగుడే. ఎదురుగా జనం, పసుపు కుంకుమలు అద్దుకుంటూ, కర్పూరం వెలిగిస్తూ, మెట్టు మెట్టుకూ మొక్కుతూ. వాళ్ళందరికీ అడ్డం వచ్చేది మేమే. కొండ వైపు వాళ్ళకు వదిలి మేము పక్కకు తిరిగి, పీతల్లా.

తలయేరు గుండు దగ్గరకు వచ్చేసరికి తొడలు వణుకుతున్నాయి, కానీ కొంచెమే. తలనొప్పి, మోకాళ్ళ నొప్పి రాకూడదని ఎక్కేవాళ్ళు తల, మోకాళ్ళు ఆనించే బండ అది. మా వారు కర్రలు పక్కన పెట్టి మోకాళ్ళు ఆనించారు. అప్పుడే ఎక్కడం మొదలుపెట్టిన ఒక పెద్దావిడ ఆయన చేతికర్రలను, చెమటను చూసి నన్ను అడిగింది.

"దర్శనం బాగా అయిందా అమ్మా? ఎంతసేపు పట్టింది?"

"దర్శనానికి కాదమ్మా, దిగడానికి వెళ్ళాం" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూసి, మనవరాలి చెయ్యి పట్టుకుని, గోవిందా అంటూ పై మెట్టు మీద కాలు పెట్టింది.